చక్రాల మీద ఇల్లు

కూడు, గుడ్డ, గూడు. మనిషికి కావలసినవి ఈ మూడేనని చిన్న తరగతుల్లో చదువుకున్నాం. మొదటి రెండూ మనిషి వెంట నడుస్తాయి. సద్దిమూట చంకన పెట్టుకోవచ్చు, బట్టలమూట నెత్తిన పెట్టుకోవచ్చు. మూడోది ఒక్కటే మొండికేసి కూర్చుంటుంది, పునాది తవ్వమంటుంది. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అని పెద్దలు ఊరికే అనలేదు. మరి ఆ మూడోదాన్ని కూడా వెంట తీసుకుపోగలిగితే? పునాది స్థానంలో చక్రాలుంటే? ఈ ప్రశ్న నాకు ఏ పుస్తకంలోనూ తగల్లేదు. పోయిన వేసవిలో మా చినమామ తెచ్చి నా ముందు పడేశాడు. దానితో మూడు నెలలు కుస్తీ పట్టి, చివరికొక తీర్మానానికి వచ్చాను. ఆ కుస్తీ ఎట్లా సాగిందో ఈ వార్షిక సంచిక ద్వారా మిత్రులకూ, గురువులకూ, ఇక్కడ చదివి వెళ్ళిన పెద్దలకూ విన్నవించుకుంటున్నాను.

ముందు మా సంగతి కొంచెం చెప్పాలి. మాది పాకాల మండలంలో ఒక చిన్న పల్లె. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాలు విడదీసినప్పుడు మా ఇల్లు అంగుళం కూడా కదలకుండానే చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు ప్రయాణం చేసింది. కనుక కదలని ఇల్లు కూడా ఒక్కోసారి కదులుతుందని నాకు ముందే తెలుసు! మూడెకరాల తోతాపురి మామిడి, అరెకరం చెరుకు, వాన దేవుడు కరుణిస్తే కొంచెం చెనిక్కాయ. ఇదీ మా సేద్యం. మామిడి సంగతి ఈ జిల్లాల వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. 2025లో కాయ ధర పడిపోతే ప్రభుత్వమే గుజ్జు ఫ్యాక్టరీల చేత కిలోకు 8 రూపాయలిప్పించి, తన వంతు 4 రూపాయలు కలిపి 12 రూపాయలని ప్రకటించవలసి వచ్చింది. అట్లాంటి ఇంటి నుంచి వచ్చి బి.యస్సీ. చదువుతున్నాను. మా అమ్మానాయనలకు నేనొక్కతే బిడ్డను. తిరుపతిలో ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి ఒక అద్దె గదిలో ఉంటున్నాను. నా వంతు అద్దె నెలకు 2,500 రూపాయలు.

మా చినమామ జేసీబీ నడుపుతాడు. రోడ్డు పనులున్నచోటల్లా ఉంటాడు. ఆయన పని చేసిన చోట రోడ్డు పూర్తయింది. పని జరిగినన్నాళ్ళూ ఇంజనీరు ఉండడానికని చేయించిన ఒక ఇనుప గదిని అమ్మకానికి పెట్టారు. కింద ఇరుసు, రెండు చక్రాలు, ముందు జీపుకో ట్రాక్టరుకో తగిలించుకునే కొక్కెం. పొడవు 18 అడుగులు, వెడల్పు 7 అడుగులు. లోపల ఒక మంచం, ఒక బల్ల, చేతులు కడుక్కునే తొట్టి, వెనక స్నానాల గది అని మర్యాదకు పిలవదగ్గ ఒక సందు. అడిగిన ధర 85,000 రూపాయలు.

"పాపా, మూడేళ్ళ పాటు ఊరికే అద్దె కట్టే బదులు ఇది కొనుక్కుంటే ఇల్లే నీదయిపోతాది. చదివినన్నాళ్ళు తిరుపతిలో పెట్టుకో. కాపు కాలంలో మన తోట్లో పెట్టుకో. రేపు ఉద్యోగమొస్తే అది యాడుంటే ఆడికి లాక్కొనిపో. జీవితమంతా దీంట్లోనే గడిపేయొచ్చు. అమెరికాలో అట్లా ఎంతమంది లేరు?" అన్నాడు మామ.

నాయన నవ్వి ఊరుకున్నాడు. అవ్వ మాత్రం "ఏమే, ఇల్లు ఇడిసిపెట్టి బండ్లో కాపురముంటావా? మనమేమన్నా గంగిరెద్దులోళ్ళమా?" అని గదిమింది. అందరికన్నా ఆశ్చర్యంగా మాట్లాడింది మా అమ్మ. చీటీ పాట పాడిన లక్ష రూపాయలు ఆమె దగ్గరున్నాయి. మా వాటా గది మట్టిమిద్దె వానొస్తే కురుస్తుంది, దాన్ని తీసి స్లాబు వేయించడానికని దాచిపెట్టుకున్న డబ్బు అది. "కావల్లంటే తీసుకో పాపా. ఈ ఇంటికొచ్చి ఇరవైరెండేండ్లయింది. నేను తుడిచినా అలికినా ఇది మీ నాయనోళ్ళ ఇల్లే. దానికి ముందున్నది మా నాయన ఇల్లు. నీకన్నా ఒక ఇల్లు నీదని ఉండనీ, దానికి చక్రాలుంటే మాత్రమేం?" అంది.

ఆ మాట విన్న తరువాత అది నాకు తమాషాగా అనిపించలేదు. ఆడపిల్ల అంటే 'ఈడ' పిల్ల కాదు, 'ఆడ' పిల్ల అని మనవాళ్ళు సరసంగా అంటారు. ఉంటే పుట్టిల్లు, పోతే అత్తిల్లు. నడుమ తనదంటూ ఒకటి ఎక్కడ? కొక్కెం తగిలించుకుని ఎక్కడికంటే అక్కడికి లాక్కుపోగలిగే ఇల్లు, నా పేరున ఉండే ఇల్లు, ఇరవయ్యేళ్ళ పిల్లకు ఎంత ఆశ పుట్టిస్తుందో చదివేవారే ఊహించుకోండి. ఆ వేసవంతా నేను రాత్రుళ్ళు ఆ 18 అడుగుల్లో పుస్తకాల గూడు ఎక్కడ పెట్టాలి, కిటికీకి ఏ రంగు తెర కట్టాలి అని లెక్కలేసుకుంటూ పడుకునేదాన్ని.

అయితే మనం సైన్సు విద్యార్థులం. ఆశపడ్డ దాన్ని కూడా తూకానికి పెట్టమని మన గురువులు నేర్పారు.

మామ చెప్పిన అమెరికా సంగతి మొదట చూశాను. కారు వెనక తగిలించుకుపోయే ఇళ్ళు అక్కడ 1930ల నాటికే బాగా వ్యాప్తిలోకి వచ్చాయి. వాలీ బయామ్ అనే ఆయన అల్యూమినియం రేకుతో చేసిన ఎయిర్‌స్ట్రీమ్ క్లిపర్ 1936లో బయటికొచ్చింది. అది విహారానికి పోయేవాళ్ళ బండి. కాని అదే దశాబ్దంలో, ఆర్థిక మాంద్యంలో ఇళ్ళు పోగొట్టుకున్న వాళ్ళు కూడా బళ్ళలో కాపురాలు పెట్టారు. మళ్ళీ 2008 సంక్షోభం తరువాత అదే జరిగింది. పింఛను చాలని ముసలివాళ్ళు ఇళ్ళు వదిలేసి వ్యాన్లలోనూ ట్రెయిలర్లలోనూ ఉంటూ, ఒక కాలంలో గిడ్డంగుల్లో సరుకులు సర్దుతూ, ఇంకో కాలంలో చక్కెర దుంపల కోతలకు పోతూ బతికిన వైనాన్ని జెస్సికా బ్రూడర్ అనే పాత్రికేయురాలు 2017లో 'నోమాడ్‌ల్యాండ్' అనే పుస్తకంగా రాసింది. దాన్ని క్లోయీ జావో సినిమాగా తీస్తే 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. చక్కెర దుంపలు అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. మన చిత్తూరు చెరుకు కోతలకు ఊళ్ళు దాటి వచ్చి, గెనిమల మీద గుడారాలు వేసుకునే కూలీలు గుర్తొచ్చారు. దేశం వేరు, తీపి ఒకటే, దాని వెనక తిరుగుడూ ఒకటే! ఏమైనా, మామ చెప్పిన 'ఎంతమందో' అందరూ ఒకే రకం కాదని తేలింది. కొందరు ఇల్లు ఉండి బండెక్కిన వాళ్ళు. కొందరు ఇల్లు పోయి బండెక్కిన వాళ్ళు. దూరం నుంచి చూస్తే రెండు బళ్ళూ ఒకటిగానే కనిపిస్తాయి.

అంత దూరం పోవడమెందుకు? మన తెలుగులో 'బిడారు' అని చక్కని మాట ఉంది. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని గుంపులుగా కదిలే లంబాడీల బిడార్లు ఒకప్పుడు దక్కన్ అంతటా తిరిగాయి. సైన్యాలకు తిండి మోసింది కూడా వాళ్ళే. 1791 ఫిబ్రవరిలో కారన్‌వాలిస్ సైన్యం మన మొగిలి కనుమ ఎక్కి మైసూరు మీదికి పోయింది. చిత్తూరు నుంచి పలమనేరు పోయే బస్సులో కూర్చుని మనం కునుకు తీసే దారి అది. టిప్పు మీద జరిగిన ఆ యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ధాన్యం చేరవేసిన వాళ్ళలో బంజారాలు ఉన్నారు. రాజ్యాలకు వాళ్ళ తిరుగుడు కావలసినంత కాలం వాళ్ళు గౌరవనీయులే. రైలు వచ్చింది. ఎద్దుల మీద లంబాడీలు మోసే సరుకు, గాడిదల మీద ఎరుకలవాళ్ళు మోసే ఉప్పు రైలెక్కేశాయి. అప్పుడు తిరుగుడే నేరమైపోయింది. 1871లో నేరస్థ జాతుల చట్టం చేశారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. మన ఎరుకలవాళ్ళలో చాలామంది ఆ జాబితాకెక్కారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అట్లా వాళ్ళను ఒకచోట కట్టిపడేయడానికి పెట్టిన సెటిల్మెంటే. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. స్వాతంత్ర్యం వచ్చి అయిదేళ్ళు దాటిన తరువాత! మా అవ్వ గదమాయింపులో "గంగిరెద్దులోళ్ళమా" అన్న చిన్నచూపు ఎక్కడి నుంచి వచ్చిందో ఇది చదివాక నాకు బోధపడింది. స్థిరమైన ఇల్లు లేనివాణ్ణి నమ్మకూడదని ఊరు అనుకునేది, తరువాత చట్టమే అన్నది. చట్టం పోయింది గాని ఊరి మాట పోలేదు.

ఇక నేటి కాలానికి వద్దాం. నా కళ్ళ ముందరే చక్రాల మీద బతికేవాళ్ళు ఉన్నారు. మన జిల్లాల్లో బోరు వేయించని రైతు లేడు. ఆ బోరు బళ్ళు చాలావరకు తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వస్తాయి. ఒకటి బోరు వేసే లారీ, దాని వెనక పైపులూ సామానూ మోసే ఇంకో లారీ. పనివాళ్ళ వంటా, పడకా అన్నీ దాని దగ్గరే. ఈ వేసవిలో మా పక్క తోటలో బోరు వేస్తుంటే చూడపోయాను. వెయ్యి అడుగులు దాటినా దుమ్మే గాని తడి లేదు. తోట రైతు తల పట్టుకుని కూర్చున్నాడు. పనివాళ్ళలో ఒక కుర్రాడు ఒడిశా నుంచి వచ్చాడట, నా ఈడువాడే. నా వచ్చీరాని హిందీలో "మీ ఇల్లెక్కడ?" అని అడిగాను. ఎనిమిది నెలలుగా ఆ లారీ పక్కన పడుకుంటున్నవాడు లారీ వైపు చూడనైనా చూడలేదు. తన ఊరి పేరు చెప్పాడు.

పంటలు తీసిన తరువాత మా చేలలోకి గొర్రెల మందలు వస్తాయి. రాత్రికి మంద కట్టిస్తే ఎరువవుతుందని నాయన వాళ్ళకు డబ్బిస్తాడు. గాడిదల మీద గిన్నెలూ, దుప్పట్లూ, నడవలేని గొర్రెపిల్లలూ. అదీ వాళ్ళ సంసారం. మంద కాపరి భార్యతో ఒక సాయంత్రం కూర్చున్నాను. నా చక్రాల ఇంటి ఊహ చెబితే ఆమె పగలబడి నవ్వింది. తరువాత ఒక మాట చెప్పింది. "మాకూ ఊర్లో ఇల్లుండాది పాపా. మా అత్త ఉండాది ఆడ. పిలకాయల్ని ఆమే బడికి పంపిస్తాది. ఆమె కదలకుండా ఉండబట్టే మేము తిరగతా ఉండాం."

ఆ మాటను అప్పుడు విని ఊరుకున్నాను. దాని విలువ తెలిసింది తరువాత.

సరే, నా లెక్కలకు వస్తాను. మొదట ఎండ. తిరుపతిలో మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్ల శక్తి పడుతుంది. నా ఇనుప గది కప్పు 126 చదరపు అడుగులు, అంటే దాదాపు 11.7 చదరపు మీటర్లు. నెత్తిన పదకొండు పైచిలుకు ఇస్త్రీపెట్టెలు వెలిగించి పెట్టినట్లు! సున్నం కొడితే కొంత వెనక్కి పోతుంది, కింద దబ్బలతో ఇంకో కప్పు వేస్తే ఇంకొంత తగ్గుతుంది. అయినా మట్టిగోడల ముందు ఇనుప రేకు దిగదుడుపే. మా ఇంటి గోడ అడుగున్నర మందం. పగటి వేడి గోడ దాటి లోపలికి వచ్చేసరికి చీకటి పడుతుంది, అప్పటికి మేం బయట మంచాలేసుకుని ఉంటాం. భౌతిక శాస్త్రం చదవని మా ముత్తాత కట్టిన గోడ అది.

రెండోది నీళ్ళు. పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లన్నది జల్ జీవన్ మిషన్ పెట్టుకున్న లెక్క. నాలుగు రోజులకు 220 లీటర్లు, అంటే 220 కిలోలు. ఈ బరువు ఎక్కడ పెట్టాలన్నది మూడో లెక్క. లాక్కుపోయే బండి మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు ముందు కొక్కెం మీద పడాలి. బరువు ఇరుసు వెనక్కి జారితే బండి పాము తోక మాదిరి అటూ ఇటూ ఊగి, ముందు బండిని కూడా పడదోస్తుంది. ఇది చెబితే నాయన "దీనికి కాలేజీకి పోవల్లనా? ఎద్దులబండి వెనక్కి తూగితే కాడి పైకి లేచి మెడపట్టీ ఎద్దుకు ఉరి బిగిస్తాది. మేం బస్తాలు ముందుకు సర్దతాం గదా" అన్నాడు. నా గదికి స్నానాల సందు వెనకే ఉంది. నీళ్ళ డ్రమ్ము పెట్టడానికి అక్కడే చోటు. దాన్ని ముందుకు తేవాలంటే గదంతా విప్పి మళ్ళీ కట్టాలి. అదీ ఇష్టమొచ్చినట్లు కట్టడానికి లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రెయిలరు కూడా వాహనమే, దానికీ రిజిస్ట్రేషను కావాలి, రిజిస్ట్రేషనులో ఉన్న రూపాన్ని మన చిత్తానికి మార్చకూడదు.

నాలుగోది డబ్బు. మిగిలిన డిగ్రీ కాలమూ, ఆపైన ఎమ్మెస్సీ కలిపి మూడేళ్ళనుకుంటే, ఏడాదికి పది నెలల చొప్పున నా వంతు అద్దె 75,000 రూపాయలు. గది 85,000, టైర్లకూ కప్పుకూ కరెంటు తీగలకూ ఇంకో 30,000. అంటే లక్షా పదిహేను వేలు. చివర్లో ఇనుము ధరకు అమ్ముకున్నా నష్టమేమీ పెద్దది కాదు. కనుక డబ్బు లెక్కలో మామ మాట పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. ఒంటరి ఆడపిల్ల ఊరి చివర ఖాళీ స్థలంలో ఇనుప గదిలో పడుకోవడం గురించి ఎవరైనా అడుగుతారని నాకు తెలుసు. నేనూ అడుగుకున్నాను. తలుపుకు లోపల రెండు గడియలు అని కాగితం మీద రాసుకున్నాను. కాని ఆ కాగితం మీద ఇంకో సంగతి కూడా తేలింది. ఆ స్థలం ఎవరిది? మామ స్నేహితుడిది. నీళ్ళెవరివి? పక్కింటివాళ్ళ కుళాయివి. కరెంటు? వాళ్ళదే. మురుగు? వాళ్ళ కాలువలోకే. అంటే, ఎవరి మీదా ఆధారపడని ఇల్లనుకున్నది తీరా చూస్తే కదలని ఇంకో ఇంటికి కొక్కెం తగిలించుకున్నదే.

అయిదోది చిరునామా. ఓటర్ల జాబితాకు 'సాధారణంగా నివసించే చోటు' కావాలి. దాన్ని గురించి 1950 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టం 20వ సెక్షను చదివితే ఒక విశేషం కనిపించింది. ఒక ఊళ్ళో సొంత ఇల్లున్నంత మాత్రాన మనిషి అక్కడ నివసిస్తున్నట్లు కాదు అని ఆ చట్టమే చెబుతుంది. ఇల్లు లేనివాళ్ళకు కూడా ఓటు ఇవ్వాలని ఎన్నికల సంఘం నియమం. అట్లా దరఖాస్తు పెట్టుకున్న మనిషి చెప్పిన చోట నిజంగా పడుకుంటున్నాడా లేదా అని బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి చూసిపోవాలి. కాగితం లేకపోయినా పడుకునే చోటే సాక్ష్యం! ఎంత ఉదారమైన నియమం! రేషనుకు కూడా 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణల మధ్య మొదలైన పద్ధతి తరువాత దేశమంతటికీ పాకి, ఇప్పుడు ఒక ఊరి కార్డుతో ఇంకో ఊళ్ళో బియ్యం తీసుకోవచ్చు. కనుక చట్టం దృష్టిలో చక్రాల ఇల్లు ఇదివరకటంత నేరమూ కాదు, అసాధ్యమూ కాదు. తిరిగే మనిషి వెంట ఓటూ బియ్యమూ ఎంతో కొంత నడుస్తున్నాయి.

ఇంతవరకూ లెక్కలు వేసుకుని, ఎండకు భయపడుతూనే, "కొందాం" అనే వైపుకే నేను మొగ్గి ఉన్నాను. అప్పుడొచ్చింది భాగపరిష్కారం.

మా ఇంట్లో పెదనాయనకూ నాయనకూ చాలాకాలంగా భాగాలు కాలేదు. పొలాలు నోటి మాటగా పంచుకున్నారు, ఇల్లు మాత్రం అట్లనే ఉంది. మా వాటాకు వచ్చేది ఒక గది, సగం పడసాల. ఆషాఢంలో పెద్దమనుషులు కూర్చున్నారు. పెదనాయన చెడ్డవాడు కాడు. నా చదువు ఫీజుకు తానొక ఏడు డబ్బు సర్దినవాడు. ఆయనే ఎంతో సహజంగా అన్నాడు: "పాపకు చక్రాలిల్లు కొంటా ఉండారంట గదా. దానికి పెళ్ళయితే అది పాయె. నువ్వూ ఆమే తోట్లో షెడ్డేసుకుంటారు. ఆ గది ఎవురికి? మా పెద్దోడికి ఇచ్చేయండి, దానికింత అని డబ్బు తీసుకోండి."

పడసాలలో ఎవరూ మాట్లాడలేదు. నాయన నేల చూశాడు. అమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. ఆమె ముఖం చూసేసరికి నాకు మంద కాపరి భార్య మాట చెవిలో పడింది. ఆమె కదలకుండా ఉండబట్టే మేము తిరగతా ఉండాం.

ఆడపిల్లకు వాటా లేదని అనడానికి ఇప్పుడు వీల్లేదు. ఆ సంగతి దేశం కన్నా ముందు చెప్పిన రాష్ట్రాల్లో మనది ఒకటి. పుట్టుకతోనే కూతురికి కొడుకుతో సమానంగా పిత్రార్జితంలో భాగముందని ఎన్.టి. రామారావు ప్రభుత్వం చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. 2005లో కేంద్రమూ అదే చట్టం చేసింది. 2020లో సుప్రీంకోర్టు దానికి అనుమానం లేకుండా అర్థం చెప్పింది. అయితే చట్టం గడప దాటి లోపలికి రావాలంటే లోపల ఒక మనిషి కూర్చుని ఉండాలి. 'అది ఎట్లాగూ పోయేదే' అన్న మాటకు నేను కొనబోయే చక్రాలే సాక్ష్యమైపోతాయని నాకు అప్పుడు అర్థమైంది. ఊళ్ళో లేనివాళ్ళ వాటా ఉన్నవాళ్ళ ధాన్యం బస్తాలతో నిండిపోవడానికి రెండేళ్ళు చాలు. అది ఎవరి దుర్మార్గమూ కాదు. ఖాళీగా ఉన్న గదిలో బస్తాలు వేసుకోవడం సహజం.

"పెదనాయనా, ఆ గది మాకు కావల్ల" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "డబ్బు వద్దు. నేను యాడ చదివినా, యాడ ఉద్యోగం చేసినా తిరిగి రావడానికి ఒక గది ఉండల్ల. మా అమ్మ ఉండల్ల దాంట్లో." పెద్దమనుషుల్లో ఒకాయన "పాప బాగా చదువుకునిందే" అని నవ్వాడు. పెదనాయన కొంచెంసేపు చుట్ట కాల్చుకుని, "సరే తీసుకోండి, నేనేం వద్దంటినా" అన్నాడు. అంతే. పెద్ద గొడవేమీ జరగలేదు.

అమ్మ లక్ష రూపాయలు గది మీదికే పోయాయి. మట్టిమిద్దె తీయించి స్లాబు వేయించాం. గోడలు మాత్రం ముత్తాతవే, వాటిని తాకనివ్వలేదు. ఆ గదిని అమ్మ పేరున రాస్తానని నాయన మాటిచ్చాడు. ఇంకా రాయలేదు. ప్రతి ఆదివారం ఇంటికి పోయినప్పుడల్లా నేను గుర్తు చేస్తున్నాను, ఆయన "రాస్తాలేమ్మా" అంటున్నాడు. ఇనుప గదిని ఎవరో టిఫిను అంగడి పెట్టుకోవడానికి కొనుక్కున్నారని మామ చెప్పాడు. ఆయనకు నా మీద కొంచెం కోపంగానే ఉంది. నాకూ దిగులుగా లేదని చెప్పను. ఆ కిటికీ తెర రంగు ఇప్పటికీ నా మనస్సులో ఉంది. లేత పసుపు.

ఈ మూడు నెలల్లో నాకు తేలిన సత్యం ఇది. తిరగడం తప్పు కాదు. తిరిగేవాళ్ళు మనకన్నా తక్కువ వాళ్ళూ కారు. వాళ్ళు మోసుకొచ్చిన ఉప్పు తిన్నవాళ్ళం, వాళ్ళు వేసిన బోర్ల నీళ్ళు తాగుతున్నవాళ్ళం మనం. కాని తిరిగే ప్రతి మనిషి వెనక ఎక్కడో ఒకచోట కదలకుండా కూర్చున్న మనిషి ఒకరుంటారు, సాధారణంగా ఒక ఆడమనిషి. ఆ కూర్చున్న మనిషికి ఆ చోటు మీద హక్కుంటేనే తిరిగేవాడి తిరుగుడు స్వేచ్ఛ అవుతుంది. లేకపోతే అది ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నెట్టివేయబడడమే. ఇల్లుండి బండెక్కడానికీ, ఇల్లు పోయి బండెక్కడానికీ ఉన్న తేడా బండిలో కనపడదు, వెనక విడిచి వచ్చిన చోట కనపడుతుంది.

మన కళాశాలలో చదివే మనలో చాలామందిమి అట్లా తిరిగేవాళ్ళమే. ఇవాళ హాస్టలు, రేపు బెంగళూరు, ఎల్లుండి ఇంకే దేశమో. ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థులు ఎందరో ఆ దారిన పోయినవారే. వాళ్ళనూ, నా తోటివాళ్ళనూ ఒక్క మాట అడగాలని ఉంది. దరఖాస్తు ఫారంలో 'శాశ్వత చిరునామా' అన్న గడి నింపేటప్పుడు ఆ చిరునామాలో ప్రస్తుతం ఎవరుంటున్నారో, ఆ ఇల్లు ఎవరి పేరున ఉందో ఒకసారి చూసుకోండి. నేను ఈసారి సెలవులకు ఇంటికి పోయి మొదట చేయబోయేది ఆ పనే. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు పాకాలలోనే ఉంది, నాయనకు బండి కూడా ఉంది.